బలము కాదు, లయ

గట్టు పల్లెల్లో చిర్రాగోనె ఆడినవారికి గాల్ఫు మర్మం కొంత తెలిసినట్లే. లేచిన చిర్రను బలంకొద్దీ బాదబోయిన పిల్లవాని దెబ్బ తప్పుతుంది. అదుపు తప్పిన చిర్ర ఎదుటివాని కన్నునూ తీయవచ్చు. గాల్ఫు బంతి నిశ్చలంగా ఉన్నా, అక్కడా ఆత్రమే శత్రువు.

చిత్రాల ఫ్రేములు లెక్కించి జాన్ నోవోసెల్ 2004లో ఒక విశేషం ప్రకటించాడు: మేటి ఆటగాళ్ళు కర్రను వెనుకకు ఎత్తే కాలం, దించి బంతిని తాకించే కాలానికి మూడింతలు. కాబట్టి ‘త-కి-ట’ ముగిసేసరికి ఎత్తి, ‘తా’ అనే ఒక్క అక్షరకాలంలో దించండి.

పట్టు బిగించకండి, బిగిసిన మణికట్టుకు కర్ర బరువు తెలియదు. మొదట బంతి లేకుండా, పాదాలు చేర్చి, మెల్లగా ఊపి చూడండి. తూలితే తొందరపడినట్లే. లయ కుదిరిన చేతికి దూరం తనంతట తానే వస్తుంది.