వేసవి సెలవులు – స్వగ్రామసేవ



కళాశాలల వేసవి సెలవులు పూర్వము మామిడితోటలలోను, చెరువుగట్లమీదను గడచిపోవుచుండెడివి. 2018 మే 1 నుండి జూలై 31 వరకు కేంద్రప్రభుత్వము జరిపిన స్వచ్ఛభారత్ వేసవి శిక్షణలో విద్యార్థులు గ్రామములందు కనీసము 100 గంటలు పారిశుద్ధ్యసేవ చేయవలసియుండెను. అందులకు 2 క్రెడిట్లు ఇచ్చుటకు యు.జి.సి. అవకాశము కల్పించెను. తరువాత ఆంధ్రప్రదేశమున డిగ్రీ పాఠ్యక్రమములోనే సమాజసేవ చేర్చబడినది. అది ఇంటింటి సర్వేతో ఆరంభమగును.

గంటలు లెక్కించుట సులభము. ఊరు ఆ విద్యార్థిని పనిలోనికి దించుట కష్టము. సొంత ఊరి కుఱ్ఱవాడైనచో, “మాష్టరుగారి మనుమడవు, నీకీ మురుగుకాలువల గొడవ ఏలనయ్యా?” యని పెద్దలు జాలిపడి, పత్రముపై సంతకము చేసి పంపివేయుదురు. అది ప్రేమయే. కాని దానివలన వానికి విద్య అబ్బదు, ఊరి మురుగు కదలదు.

ఆతిథ్యమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. వానితో ఇల్లిల్లు తిరుగుట, కట్టియు వాడని మరుగుదొడ్డిని దాచక చూపుట, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయనిచ్చుట కూడ ఆతిథ్యమే.

రాజధానిలో పెరుగుచున్న తెలుగుబిడ్డలలో తాతగారి ఊరిని పెండ్లిండ్లకు మాత్రమే చూచినవారు కలరు. రాబోవు వేసవికి వారిని పంపుచు తాతగారికొక ఉత్తరము వ్రాయుడు: “వీనికి మామిడిపండ్లతోపాటు పనియు ఒప్పగింపుడు.”