బక్కగా ఉండడం మన జాతి లక్షణం కాదు

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచినప్పుడు చదువు గురించి, పోటీ పరీక్షల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అవి చెప్పేవాళ్లు ఈ వేదిక మీద ఇంకా ఉన్నారు. మేం హాస్టల్ నడిపేవాళ్లం. మా రోజు సగం వంటగదిలోనే గడుస్తుంది. అందుకని తిండి గురించి, తిండితో వచ్చే ఒక జబ్బు గురించి చెబుదామనుకున్నాం. దాని పేరు సీలియాక్. మా హాస్టల్లో ఒక పాపకు వచ్చేవరకు ఆ పేరు మాకూ తెలియదు.

ఆ పాప ఏడో తరగతి. చీరాల పక్క ఊరి యానాది కాలనీ నుంచి వచ్చింది. ఐదో తరగతి నుంచి హెల్త్ కార్డులో ఒకే మాట రాసి ఉంది: రక్తహీనత. వారం వారం నీలం రంగు ఐరన్ మాత్ర మా కళ్ల ముందే మింగేది. నులిపురుగుల మందూ వేశాం. అయినా హిమోగ్లోబిన్ 7 దాటేది కాదు. పొట్ట ఉబ్బేది, విరేచనాలయ్యేవి, చదువుతూ చదువుతూ పుస్తకం మీదే నిద్రపోయేది. తోటివాళ్ల భుజం దాకా కూడా ఎదగలేదు. మేం ఏమనుకున్నామో దాచకుండా చెబుతాం. "మన పిల్లలంతా ఇంతేగా, పుట్టుకతోనే బక్క" అనుకున్నాం. మేమూ మీ ఇళ్లలో పుట్టినవాళ్లమే, అయినా అలాగే అనుకున్నాం.

సంక్రాంతి సెలవులయ్యాక తల్లి దించడానికి వచ్చింది. పాప ముఖం కాస్త తేటగా ఉంది. తల్లి మెల్లగా అంది: "ఇంటికాడ బువ్వ తింటే బాగానే ఉంటది మేడమ్. ఈడికొస్తేనే పొట్ట ఉబ్బతది." మాకు కోపం వచ్చింది. హాస్టల్ తిండికి వంక పెడుతోంది అనుకున్నాం. గుడ్డు పెడుతున్నాం, పాలు పోస్తున్నాం, మీ ఇంట్లో ఇంతకన్నా ఏం పెడతారు అన్నాం. ఆమె ఇంకేం మాట్లాడలేదు, దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆమె చెప్పింది నిజం. ఇంట్లో పాప తినేది అన్నం, చేపల పులుసు, పీతల కూర, రాగి అంబలి, పండక్కి అరిసెలు. మా దగ్గర తినేది ఉప్మా, చపాతీ, సేమియా, సాయంత్రం బిస్కట్లు. ఆ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్కటే: గోధుమ. అది చూడడానికి మాకు ఇంకో ఏడు నెలలు పట్టింది. చివరకు ఒక పిల్లల డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. ఆ తర్వాత గుంటూరులో ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారు. సీలియాక్ అని తేలింది.

ఈ జబ్బు ఎలా పనిచేస్తుందో చెబుతాం. గోధుమలో, బార్లీలో, మనం చూడని రై అనే ధాన్యంలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. మన చిన్నపేగు లోపలి గోడ తువ్వాలు మీద నూగులా ఉంటుంది. ఆ నూగే తిండిలోని సారాన్ని పీల్చుకుంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటే ఒంట్లో ఉన్న రక్షణ శక్తే తిరగబడి ఆ నూగును అరగదీస్తుంది. తువ్వాలు పాతబడి నున్నగా అయినట్టు పేగు అయిపోతుంది. ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. ఎక్కువ దెబ్బ తగిలేదీ అక్కడే. అందుకే ఎన్ని ఐరన్ మాత్రలు వేసినా ఆ పాపకు రక్తం పట్టలేదు. ఇది అంటువ్యాధి కాదు, అజీర్తి కాదు, ఎవరి దిష్టీ కాదు.

దీనికి మందు లేదు, పథ్యమే మందు. గోధుమ, బార్లీ జీవితాంతం మానితే పేగు మళ్లీ నూగు తొడుగుతుంది. ఈ సంగతి కనిపెట్టింది నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ డిక్కె అనే పిల్లల డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువు వచ్చింది. రొట్టె దొరకక జనం తులిప్ పూల దుంపలు కూడా తవ్వుకు తిన్నారు. అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది. ఆయనకు గోధుమ మీద అనుమానం అంతకుముందే ఉంది. 1950లో తన పరిశోధన గ్రంథంలో దాన్ని రుజువు చేశారు. కరువులో దుంపలు తవ్వుకు తిన్న కథలు మన ముసలివాళ్ల దగ్గరా ఉన్నాయి కాబట్టి ఇది మీకు వింతగా అనిపించదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఇది మన ప్రాంతంలో అరుదైన జబ్బు. దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉత్తరాదిలో రక్తపరీక్షలో అనుమానం తేలినవాళ్లు నూటికి ఒకరికి పైగా ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరు. కానీ ఈ జబ్బు రావడానికి అవకాశమిచ్చే జన్యువులు రెండు చోట్లా దాదాపు సమానంగానే, మూడో వంతు మందిలో ఉన్నాయి. ఆ జన్యువులున్న వాళ్లలో ఎక్కువమందికి జబ్బు రాదు. పెద్ద తేడా కనిపించింది గోధుమ తిండిలో. ఉత్తరాదిలో మనిషికి రోజుకు సుమారు 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు.

ఆ 25 ఇప్పుడు మన పిల్లల విషయంలో ఎంతో ఆలోచించండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ ఉంది. హాస్టల్లో ఉప్మా, చపాతీ. బడి బయట మైదా పరోటా, నూడిల్స్, ఐదు రూపాయల బిస్కట్ పొట్లం. మన నాయనమ్మల పొయ్యి మీద ఇవి లేవు. యానాది ఇంట్లో అన్నం, అంబలి, చేప. సుగాలీ తండాలో జొన్న రొట్టె. మెట్ట ఊళ్లలో వరిగన్నం, సజ్జ రొట్టె, కొర్రన్నం. ఇవన్నీ గ్లూటెన్ లేనివే. ఇప్పుడు పట్నాల్లో 'గ్లూటెన్ ఫ్రీ' అని రంగు పొట్లాల్లో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మన కుండలో అది ఎప్పుడూ ఉంది.

అలాగని రేపటి నుంచి అందరూ గోధుమ మానేయమని మేం చెప్పడం లేదు. జబ్బు లేనివాళ్లకు గోధుమ మంచి తిండే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అనుమానంతో ముందే గోధుమ మానేసి తర్వాత పరీక్షకు వెళితే పరీక్షలో జబ్బు కనిపించకపోవచ్చు. అందుకని ముందు పరీక్ష, తర్వాతే పథ్యం. ఈ వరస తప్పకూడదు.

పరీక్ష అడగాల్సింది ఎప్పుడు? ఐరన్ మాత్రలు సరిగ్గా వాడినా, నులిపురుగుల మందు వేసినా నెలల తరబడి రక్తం పెరగనప్పుడు. విరేచనాలు, పొట్ట ఉబ్బరం వదలనప్పుడు. పిల్ల ఎత్తు, బరువు పెరగనప్పుడు. చిన్న వయసులో వచ్చే షుగరు ఉన్నప్పుడు. తల్లిదండ్రుల్లోగాని తోబుట్టువుల్లోగాని ఒకరికి ఈ జబ్బు ఉన్నప్పుడు కూడా అడగాలి, ఎందుకంటే అలాంటి ఇంట్లో పదిమందిలో దాదాపు ఒకరికి ఉండే అవకాశం ఉంది. కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు, రక్తహీనత ఒక్కటే ఉంటుంది. రక్తపరీక్ష పేరు టీటీజీ. డాక్టరుగారిని గౌరవంగానే అడగండి, కానీ అడగండి.

జబ్బు తేలాక మా వంటగదిలో ఏం మారిందో చెబుతాం. ఉప్మా రోజున పాపకు ఇడ్లీ రవ్వ ఉప్మా చేశాం, అది బియ్యం రవ్వే. చపాతీ రోజున అన్నమో జొన్న రొట్టెనో పెట్టాం. బిస్కట్లకు బదులు వేరుశనగ ఉండ, అరటిపండు. ఖర్చు పెద్దగా పెరగలేదు. కష్టం వేరేచోట వచ్చింది. చపాతీలు కాల్చిన పెనం మీదే దోసె పోశాం, పూరీలు వేయించిన నూనెలోనే అప్పడాలు వేయించాం. పాపకు మళ్లీ కడుపు నొప్పి. రవ్వంత పిండి కూడా ఆ పేగుకు ఎక్కువేనని అప్పుడు తెలిసింది. గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రతా నిబంధన. అంటే ఎంత కొంచెమో చూడండి. పాపకు వేరే పెనం, వేరే గరిటె పెట్టి వాటి పిడికి ఎర్ర దారం కట్టాం. వంటామెకు అక్షరాలు రావు, ఎర్ర దారం చాలు.

దాక్కున్న గోధుమను కూడా పట్టుకోవాలి. డబ్బా ఇంగువలో చాలావరకు మైదా కలుస్తుంది. కాబట్టి పులిహోర, సాంబారు చూసుకోవాలి. మైసూర్ బజ్జీ మైదా. బండి మీద పునుగుల్లోనూ మైదా కలుపుతారు. బొబ్బట్లు, కాజాలు, గవ్వలు మైదాతోనే చేస్తారు. నూడిల్స్ బండి మీద వాడే సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, అందుకే అక్కడ ఫ్రైడ్ రైస్ కూడా తినకూడదు. ఒంట్లో వేడి చేసిందని తాగించే బార్లీ నీళ్లూ పనికిరావు. పాలల్లో కలిపే మాల్ట్ పొడులు బార్లీవే. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ రవ్వది. చర్చిలో ఇచ్చే రొట్టె కూడా గోధుమదే. ఇలాంటిచోట పూజారిగారితో, పాస్టరుగారితో ముందే చెప్పుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. పిండి మరలో గోధుమలు ఆడిన వెంటనే మన రాగులు పోయించకండి. బియ్యం ఆడాక పోయించినా రాళ్ల మధ్య పాత పిండి ఉండిపోవచ్చు, ఇంట్లో మిక్సీలో పట్టుకోవడం మేలు. పొట్లం మీద ఇంగ్లీషులో వీట్, మైదా, సెమోలినా, బార్లీ, మాల్ట్ అన్న మాటలుంటే పక్కన పెట్టండి. మన అమ్మలు ఆ అక్షరాలు చదవలేరు. మీరు చదవగలరు. ఇంటర్, డిగ్రీ చదివిన మీ చదువు ముందు అక్కడ పనికిరావాలి.

ఇంత చేసినా రెండు నెలలకు పాప మళ్లీ నీరసపడింది. వెతికితే పెట్టెలో బిస్కట్ కాగితాలు దొరికాయి. తిట్టబోయి ఆగాం. "అందరూ తింటుంటే నేనొక్కదాన్నే వేరేగా కూర్చోవాలా మేడమ్" అంది. వేరే పెనం పెట్టిన మేం, తెలియకుండా వేరే బల్ల కూడా వేశామన్నమాట. వేరుగా కూర్చోబెట్టడం అంటే ఏమిటో మన జాతికి ఒకరు చెప్పాలా? ఆరోజే ఆ బల్ల తీసేశాం. పళ్లెంలో తిండి వేరే ఉండొచ్చు, కూర్చునే పంక్తి మాత్రం ఒకటే. నెలకోరోజు హాస్టల్ అంతటికీ పాప తినే తిండే వండుతున్నాం. ఆరోజు చేపల పులుసు, రాగి సంకటి. పిల్లలందరూ ఎదురుచూసే రోజు ఇప్పుడు అదే.

ఎనిమిది నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. పాత గౌను పొట్టిదైంది. తమ్ముడికి పరీక్ష చేయించాం, వాడికి లేదు. తల్లి వచ్చినప్పుడు మేం ఆమెకు క్షమాపణ చెప్పాం. ఆమె నవ్వి, "ఆ సంగతి పోనీయండి మేడమ్" అంది. కానీ మేం దాన్ని పోనీయం. జనవరిలో ఆమె మాట విని ఉంటే ఆ ఏడు నెలలు పాపకు మిగిలేవి.

మన పక్కనే స్టూవర్టుపురం ఉంది. పుట్టినవాడినల్లా దొంగ అని రాసుకున్న చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. కానీ ముద్రలు చట్టంతోనే పోవు. 'గిరిజన పిల్లలు బక్కగానే ఉంటారు' అన్నది కూడా అలాంటి ముద్రే. దాన్ని బయటివాళ్లే కాదు, మేమూ వేశాం. బక్కగా ఉండడం జాతి లక్షణం కాదు. దానికి ఒక కారణం ఉంటుంది. ఎక్కువసార్లు అది చాలని తిండి, పురుగులు, మలేరియా, క్షయ. ఎక్కడో ఒకరికి సీలియాక్. ఏదైనా సరే, కారణం దొరికేదాకా వెతకాలి.

మీ నుంచి మేం కోరేది ఇదే. మీ కాలనీలో, మీ తండాలో రక్తం పట్టని పిల్ల ఒకరుంటే, ఆ హెల్త్ కార్డు అడిగి చూడండి. రెండేళ్లుగా ఒకే అంకె ఉంటే, కూలి మానుకుని వెళ్లలేని ఆ తల్లితో పాటు మీలో ఒకరు ఆసుపత్రికి వెళ్లండి. ఓపీ చీటీ రాయించండి, డాక్టరు చెప్పింది ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. ఆమె చెప్పేది డాక్టరుకు చెప్పండి. పెళ్లి భోజనాల్లో ఎవరైనా ఇది నాకు పడదు అంటే "ఒక్క ముక్కకే ఏమవుతుందిలే" అని బలవంతం చేయకండి.

ఇవాళ్టి భోజనంలో ఇంగువ వేయలేదని వంటవాళ్లు చెప్పారు. మా పాప కూడా మీతోనే పంక్తిలో కూర్చుంటుంది.