ప్రాజెక్టు పిల్లలదే కావాలి

బడిలో సొంత ప్రాజెక్టు అనగానే చాలా ఇళ్లలో పెద్దవాళ్లే థర్మాకోల్ షీట్లు కొనేస్తారు. అంతకుముందు పిల్లల్ని నాలుగు రోజులు గమనించండి. ఎవరూ చెప్పకుండానే దేని దగ్గర ఆగుతున్నారు? పదేపదే ఏం అడుగుతున్నారు? విషయం అక్కడే దొరుకుతుంది.

దాన్ని చిన్నది చెయ్యడమే అసలు పని. ‘పక్షులు’ అంటే అంతూ పొంతూ ఉండదు. ‘మా ఊరి చెరువుకు పొద్దున ఎన్ని కొంగలు వస్తున్నాయి, సాయంత్రం ఎన్ని?’ అంటే ఒక నోటుపుస్తకం, నెల రోజుల ఓపిక చాలు. అనుకున్నది జరగకపోతే అదీ రాయనివ్వండి. నాకైతే ఆ పేజీలే ముఖ్యం.

ఆ గమనింపులోంచి ఊరికి పనికొచ్చే పరికరం ఆలోచన పుడితే, కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకం ఉంది. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. దరఖాస్తు బడి నుంచే వెళ్లాలి కాబట్టి సైన్సు మాస్టారితో ముందే మాట్లాడండి.