కనిపించని కావలి



మీనంబాక్కం విమానాశ్రయం మనలో చాలామందికి కొత్త కాదు. హైదరాబాదుకో, విశాఖపట్నానికో, గల్ఫు దేశాలకో బయలుదేరే బంధువులను సాగనంపి, వారు కనుమరుగయ్యేవరకు ద్వారం దగ్గర నిలబడినవాళ్ళమే. వారి ప్రాణాలు పైలట్ చేతిలో ఉన్నాయనుకుంటాము. అది సగమే నిజం. తక్కిన సగం నేలమీద తెర ముందు కూర్చున్న నియంత్రణాధికారి చేతిలో ఉంటుంది. ఆ తెరకు చూపునిచ్చేది రాడార్. ఆ చూపు మసకబారితే ఏమవుతుందన్నదే నా ప్రసంగ విషయం.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా విమానం నడిపారు. అక్కడి నుండి నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా దానిని మద్రాసుకు తెచ్చారు. అప్పుడు రాడార్ లేదు. అవసరమూ లేదు, ఆకాశం ఖాళీగా ఉండేది. నేడు చెన్నై నియంత్రణ కేంద్రం దక్షిణ భారతం మీదనే గాక, బంగాళాఖాతం మీద, హిందూ మహాసముద్రం మీద ఎంతో విశాలమైన గగనతలానికి కావలి కాస్తున్నది. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాలతో పాటు దేశ గగనతలాన్ని పంచుకొన్న నాలుగు ప్రధాన కేంద్రాలలో ఇది ఒకటి.

రాడార్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది తరంగాన్ని పంపి, విమానానికి తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. విమానం ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చెబుతుంది. ఎంత ఎత్తులో ఉందో చెప్పలేదు. రెండవది విమానాన్ని ప్రశ్నిస్తుంది. విమానంలోని పరికరం తన గుర్తింపునూ ఎత్తునూ బదులుగా పంపుతుంది. చీకట్లో లాంతరు ఎత్తి చూస్తే ఎవరో వస్తున్నారని తెలుస్తుంది, "ఎవరది?" అని కేకవేస్తేనే పేరు తెలుస్తుంది. ఈ రెంటికీ గల తేడా అదే.

ఆ తేడా ఎంత ఘోరమైనదో 1996 నవంబరు 12 సాయంత్రం మన దేశం చూసింది. ఢిల్లీ నుండి పైకి లేస్తున్న సౌదీ విమానం, ఢిల్లీకి దిగివస్తున్న కజక్‌స్థాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద ఢీకొన్నాయి. రెంటిలోనూ ఉన్న 349 మందిలో ఒక్కరూ మిగలలేదు. సౌదీ విమానానికి 14,000 అడుగుల ఎత్తు, కజక్ విమానానికి 15,000 అడుగుల ఎత్తు కేటాయించారు. కజక్ విమానం తన ఎత్తును విడిచి కిందికి దిగింది. జస్టిస్ ఆర్.సి. లాహోటీ విచారణ సంఘం తప్పును ఆ విమాన సిబ్బందిపైనే మోపింది.

కాని అక్కడితో ఆగిపోకూడదు. ఆనాడు ఢిల్లీ అధికారి ముందున్న రాడార్ ఎత్తు చూపేది కాదు. ఎత్తు చూపగల కొత్త రాడార్ వ్యవస్థ అప్పటికి ఇంకా వాడుకలోకి రాలేదు. పైలట్లు చెప్పిన అంకెను నమ్మడం తప్ప ఆయనకు మరో దారి లేదు. తప్పు ఒకరు చేసినా, దానిని పట్టుకొనే రెండవ కన్ను ఉంటే ప్రమాదం తప్పే అవకాశం ఉండేది. ఆ దుర్ఘటన తరువాతనే రాకపోకలకు వేరు వేరు మార్గాలు, విమానాలలో ఢీకొనకుండా హెచ్చరించే పరికరాలు తప్పనిసరి అయ్యాయి.

సంపన్న దేశాలలో మాత్రం ఈ బెడద లేదనుకోకండి. మన పిల్లలెందరో దిగే అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయానికి దారి చూపే నియంత్రణ కేంద్రంలో, 2025 ఏప్రిల్ 28న సుమారు 90 సెకన్లపాటు రాడార్ చూపూ రేడియో మాటా రెండూ పోయాయి. ప్రమాదం జరగలేదు, కాని వారాల తరబడి విమానాలు ఆలస్యమయ్యాయి, రద్దయ్యాయి.

ఆ ఆలస్యం ఎందుకో తెలుసుకోవాలి. రాడార్ చూపు ఉన్నప్పుడు మార్గమధ్యంలో రెండు విమానాల నడుమ 5 నాటికల్ మైళ్ళ ఎడం చాలవచ్చు. అది లేనప్పుడు గడియారాన్నీ పైలట్ మాటనూ నమ్మి 10 నిమిషాల ఎడం పాటించవలసి రావచ్చు. జెట్ వేగంలో అది దాదాపు 80 మైళ్ళు. ఒకే దారిలో పట్టే విమానాల సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. కనుక చూపు సన్నగిల్లినప్పుడు విమానాన్ని నేలమీదనే నిలిపి ఉంచడం చేతకానితనం కాదు, వివేకం. ప్రమాదం ఆలస్యంలో లేదు. నమ్మరాని తెరను నమ్మి ఆలస్యం లేకుండా సాగిపోవడంలో ఉంది.

ఇందులో పౌరులుగా మన పాత్ర ఏమిటి? మొదటిది, ఆలస్యమైనప్పుడు ఎదుటనున్న చిరుద్యోగిని దూషించకుండా, కారణం చెప్పమని సంస్థలను మర్యాదగా అడగడం. రెండవది, పరికరాల నిర్వహణకూ నియంత్రణాధికారుల నియామకానికీ తగిన ధనం కేటాయించమని మన ప్రతినిధులను కోరడం. కొన్న యంత్రం పెట్టెలో ఉన్నంతకాలం ఎవరినీ కాపాడదు. మూడవది, మన ఇంటికి సంబంధించినది. రాడార్ తరంగం నేరుగా ప్రయాణిస్తుంది. అడ్డుగా లేచిన భవనం వెనుక దానికి కనబడదు. విమానాశ్రయాల, రాడార్ కేంద్రాల చుట్టూ భవనాల ఎత్తుకు పరిమితి విధించే నిబంధనలు 2015లో వచ్చాయి. అనుమతికి మించి ఒక అంతస్తు లేపితే పోయేదేముందని అనుకునేవారు, ఆ దారిలోనే తమ బిడ్డ దిగివస్తుందని గుర్తుంచుకోవాలి.

సాగనంపినవారు క్షేమంగా చేరారన్న ఫోను వచ్చేదాకా మనకు నిద్ర పట్టదు. ఆ నిద్ర కోసం రాత్రంతా మేలుకొని ఉండే కళ్ళు కొన్ని ఉన్నాయి. వాటి చూపు చెదరకుండా చూసుకొనే బాధ్యత మన అందరిదీ. సెలవు.