వాడుకరి పక్షాన నిలిచే విద్య
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారం రోజులూ ఏ పాఠశాల ఆఫీసు గదిముందు నిలబడినా ఒకే ప్రశ్న వినబడుతుంది: "పిల్లవాణ్ణి దేంట్లో చేర్చమంటారు టీచరుగారూ?" ఆ ప్రశ్న వెనుక పైకి చెప్పుకోలేని మరొక ప్రశ్న దాగి ఉంటుంది. తెలుగులో చదివించి పిల్లల భవిష్యత్తును చేజేతులా పాడుచేశామా అన్నది ఆ రెండవ ప్రశ్న. షోలాపూరులో మగ్గం మీదా, బీడీల చాట మీదా సంపాదించిన రూపాయితో పిల్లలను చదివించుకున్న వారికి ఆ సందేహం రావడం సహజం. దానిని కసరి కొట్టడం కంటే ఒక ఉదాహరణ పట్టుకొని పరిశీలించడం మేలు. ఇంజినీరింగు, వైద్యం, డి.ఎడ్. అనే మూడు దారులే తెలిసిన ఇళ్లలో ఇంకా పేరు వినబడని ఒక వృత్తి ఉంది. ఆంగ్లంలో దానిని యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అంటారు. తెలుగులో వాడుకరి అనుభవ రూపకల్పన అనుకోవచ్చు.

పేరు గంభీరమే కాని పని అందరికీ తెలిసినదే. బ్యాంకు యంత్రంలో డబ్బు తీసుకొనేటప్పుడు, రైలు టిక్కెట్టు కొనేటప్పుడు, కూరగాయల బండివద్ద ఫోనుతో డబ్బు చెల్లించేటప్పుడు ఏ మీట ఎక్కడ ఉండాలి, దానిమీద ఏ మాట రాయాలి, తప్పు నొక్కితే వెనుకకు వచ్చే దారి ఏది అన్నవి ఎవరో ఒకరు ముందుగా కూర్చుని ఆలోచించి నిర్ణయించిన సంగతులు. ఆలోచించకుండా వదిలేసినవీ లేకపోలేదు! అటువంటి చోటనే అమ్మమ్మ ఫోనును మనుమడి చేతికిచ్చి, "నాకు చదువు రాదు నాయనా" అని తనను తానే నిందించుకుంటుంది. ఆ నింద ఆమెకు చెందదని నిరూపించడం నుంచే ఈ శాస్త్రం పుట్టింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాకు బి-17 అనే పెద్ద బాంబరు విమానాలుండేవి. అనుభవజ్ఞులైన పైలట్లు యుద్ధరంగం నుంచి క్షేమంగా తిరిగివచ్చి, నేలమీద దిగిన తరువాత చక్రాలను లోపలికి ముడిచివేసేవారు. విమానం పొట్టమీద కూలబడేది. దర్యాప్తు కాగితాలలో పైలట్ పొరపాటు అని రాసి ముగించేవారు. 1942లో సైనిక విమాన వైద్య పరిశోధనశాలలో చేరిన ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పైలట్లను తప్పుపట్టడం మాని విమానంలోకి ఎక్కి చూశాడు. చక్రాల మీటా, రెక్కల వెనుక ఉండే పలకల మీటా పక్కపక్కనే, అచ్చం ఒకే తీరుగా ఉన్నాయి. అలసిన మనిషి చీకటిలో పలకల మీట అనుకొని చక్రాల మీటను లాగుతున్నాడు. మీటలు వేరువేరుగా ఉన్న ఇతర విమానాలలో ఈ పొరపాటు జరగడం లేదు. చపానిస్ ఒక మీటకు చిన్న రబ్బరు చక్రాన్నీ, రెండవ దానికి పలక ఆకారపు చీలికనూ అతికించాడు. చెయ్యి తగలగానే తెలిసిపోయింది. ప్రమాదాలు ఆగిపోయాయి. నేటికీ విమానాలలో చక్రాల మీట కొన చక్రం ఆకారంలోనే ఉంటుంది.

ఈ వృత్తికి పెద్దదిక్కుల వంటి వారి జీవితాలను చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. వీరిలో చాలామంది ఈ పని చేయాలని చదువు మొదలుపెట్టినవారు కారు. జాన్ కార్లిన్ అనే ఆయన 1918లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు. తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సంగీతం చదివాడు, వయొలిన్ విద్వాంసుడు. అటువంటి వానికి ఉద్యోగమెక్కడ దొరుకుతుందని ఏ తండ్రి అయినా బెంగపెట్టుకుంటాడు. తరువాత అమెరికా వెళ్లి డాక్టరేటు పొంది 1945లో బెల్ టెలిఫోను పరిశోధనశాలలో చేరాడు. వేలమంది ఇంజినీర్లున్న ఆ సంస్థలో పరిశోధనకై చేరిన మొట్టమొదటి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆయన.

కార్లిన్ పనితీరును కాస్త వివరంగా చెప్పుకోవలసి ఉంది. పాతకాలపు టెలిఫోనులో వేలు పెట్టి తిప్పే చక్రం ఉండేది. పూర్వవిద్యార్థులలో పెద్దవారికి జ్ఞాపకముంటుంది. అంకెలు వేళ్ల రాపిడికి అరిగిపోకుండా వాటిని రంధ్రాల బయటి అంచుకు జరిపారు. చూడడానికి అందంగానే ఉంది, కాని జనం నంబరు తిప్పే వేగం తగ్గిపోయింది. కారణం ఏమిటంటే వేలికి గురి లేదు. కార్లిన్ ప్రతి రంధ్రం కింద ఒక చుక్క పెట్టించాడు. పోయిన వేగం తిరిగి వచ్చింది. మరొకసారి టెలిఫోను తీగను ఎంత పొట్టిగా చేయవచ్చునన్న ప్రశ్న వచ్చింది. అందులో రాగి ఖర్చు ఉన్నది కదా! ఎంత పొడుగు కావాలని జనాన్ని అడిగి ఉంటే పొడవుగానే కావాలనేవారు. కార్లిన్ అడగలేదు. సహోద్యోగుల గదులలోని తీగలను వారికి తెలియకుండా కొద్దిరోజులకొకసారి అంగుళం చొప్పున కత్తిరింపజేశాడు. ఒక అడుగు తగ్గేవరకు ఎవరూ గమనించలేదట.

నేడు ప్రతి చేతిఫోనులో పై వరుసలో 1, 2, 3 అంకెలుంటాయి. కిరాణా కొట్టులోని లెక్కల యంత్రంలో మాత్రం 7, 8, 9 పైన ఉంటాయి. మీట నొక్కే టెలిఫోనుకు అంకెలను ఎలా పేర్చాలన్నప్పుడు కార్లిన్ బృందం రకరకాల అమరికలను తయారుచేసి, మనుషులచేత నొక్కించి, వేగాన్నీ తప్పులనూ కొలిచి ఈ వరుసను నిర్ణయించింది. 1963లో అది మార్కెట్టులోకి వచ్చింది. తరువాత టెలిఫోను రూపమే మారిపోయింది, తీగ పోయింది, మీటలు సైతం పోయి గాజుపలక మిగిలింది. అంకెల వరుస మాత్రం అలాగే ఉన్నది. వయొలిన్ వాయించే మనిషి కొలిచి చెప్పిన వరుసను లోకమంతా వేళ్లతో వల్లెవేస్తున్నదన్న మాట.

డొనాల్డ్ నార్మన్ దారి ఇందుకు వ్యతిరేకం. ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చదివి, ఆ తరువాత మనస్తత్వ శాస్త్రం వైపు మళ్లాడు. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్కేంద్రంలో పెద్ద ప్రమాదం జరిగింది. ఆపరేటర్లు ఎందుకు పొరబడ్డారో పరిశీలించడానికి పిలిచినవారిలో నార్మన్ ఒకరు. అక్కడ ఒక వాల్వు తెరుచుకొనే ఉండిపోయింది. కాని నియంత్రణ గదిలోని దీపం మూతపడిందన్నట్లే చూపింది. ఆ దీపం మూసివేయమనే ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే చెప్పగలదు, నిజంగా మూసుకున్నదో లేదో దానికి తెలియదు. ఇటువంటి గదిలో ఎంతటివారైనా పొరబడతారు. ఇంజినీరింగూ మనస్సూ రెండూ తెలిసిన తన చదువుకు సరైన స్థానం ఇక్కడనే ఉన్నదని నార్మన్ గ్రహించాడు. 1988లో తలుపులు, పొయ్యిలు, కుళాయిల వంటి నిత్యోపయోగ వస్తువుల మనస్తత్వాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. లాగవలసిన తలుపును మనిషి నెడితే తప్పు మనిషిది కాదు, నెట్టమన్నట్లు కనబడే పిడిది అన్నది అందులోని వాదం. 1993లో ఆపిల్ సంస్థలో చేరినప్పుడు తన హోదాకు యూజర్ ఎక్స్‌పీరియన్స్ అనే మాటను చేర్చుకున్నాడు. ఉద్యోగాల పట్టికలలోకి ఆ మాట వ్యాపించినది అటుపిమ్మటనే.

సూసన్ కేర్ అనే ఆమె కథ షోలాపూరు వారికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆమె లలితకళలలో డాక్టరేటు పొందిన శిల్పి. కంప్యూటరు విద్య ఎరుగదు. ఉన్నత పాఠశాలనాటి స్నేహితుడొకడు ఆపిల్‌లో మెకింటోష్ యంత్రం తయారుచేస్తూ, తెరమీద చిన్న బొమ్మలు గీసిపెట్టమని ఆమెను పిలిచాడు. ఆమె గళ్ల కాగితాల పుస్తకం కొనుక్కొని, ఒక్కొక్క గడినీ తెరమీది ఒక్కొక్క చుక్కగా భావించి, నిలువున 32, అడ్డంగా 32 గడులలో చెత్తబుట్టనూ, నవ్వే కంప్యూటరునూ గీసింది. గళ్లలో రంగు నింపి బొమ్మ తీయడం కంప్యూటరు పుట్టకముందే ఎవరికి తెలుసునో చెప్పనక్కరలేదు. జకార్డు మగ్గానికి దుప్పటి డిజైను గీసే కళాకారుడు చేసేది అదే పని. గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడి ఒక్కొక్క పోగు. ఆ గడుల ప్రకారం అట్టలకు రంధ్రాలు పొడుస్తారు. పడుగు లేచేదీ లేవనిదీ ఆ రంధ్రమే నిర్ణయిస్తుంది. వాకిట చుక్కల ముగ్గు పెట్టే చేతికీ ఈ లెక్క తెలుసు. కేర్ సైతం తనకు పలుకురాళ్ల చిత్రాలూ, సూదికుట్టు పనీ తోడ్పడ్డాయని చెప్పుకున్నది. ఈ పట్టణంలో ఆ విద్య ఇంటింటా ఉన్నా, దానిని చదువుగా లెక్కించే అలవాటు మాత్రం లేకపోయింది.

భారతదేశంలో ఈ ఆలోచనకు తొలి పునాది చెంబు దగ్గర పడిందని చెప్పవచ్చు. 1958లో చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికను దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించారు. దేశమంతటా తాము చూసిన వస్తువులలో లోటాను వారు ఎంతగానో మెచ్చుకున్నారు. ఎన్ని నీళ్లు పట్టాలి, ఎంతటి చెయ్యి పట్టుకుంటుంది, నిండినప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ తూకం ఎలా నిలుస్తుంది, తోమడం సులువా అన్న ప్రశ్నలన్నిటికీ తరతరాల వాడకం జవాబు చెప్పిందని వారి భావం. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 1969లో ముంబయి ఐ.ఐ.టి.లో పారిశ్రామిక రూపకల్పన కేంద్రం వెలిసింది. ఎన్నికల ఓటింగు యంత్రానికి రూపమిచ్చినవారు ఆ కేంద్రం ఆచార్యులే. అక్షరం రాని ఓటరుకు గుర్తు కనబడాలి, పక్కనే నీలి మీట ఉండాలి, నొక్కగానే దీపం వెలగాలి, చప్పుడు వినబడాలి. ఓటు పడిందన్న నమ్మకం కంటికీ చెవికీ కలగాలి. దేశంలో ఓటింగు యంత్రాన్ని తొలిసారి వాడినది 1982లో కేరళలోని పరవూరులో.

ఆ కేంద్రంలోనే చాలాకాలం బోధించిన రఘునాథ్ కృష్ణ జోషి ప్రకటనల రంగంలో పనిచేసి, అక్షర లిపికళకు జీవితం ధారపోసిన మహారాష్ట్రీయుడు. విండోస్ కంప్యూటర్లతో వచ్చిన గౌతమి అనే తెలుగు అక్షరాలు ఆయన పర్యవేక్షణలో రూపొందినవే. తెలుగువాడు కంప్యూటరు తెరమీద తన పేరు చూసుకున్నప్పుడు, ఆ అక్షరం వెనుక ఒక మరాఠీ మనిషి శ్రమ ఉండడం ఈ పట్టణంలోని రెండు భాషలవారూ సంతోషించదగిన విషయం.

ఇక తెలుగు మాధ్యమం మాటకు రావాలి. ఆంగ్లాన్ని దృష్టిలో పెట్టుకొని తయారుచేసిన తెరమీద తెలుగు మాటలు పెడితే ఏమవుతుందో ఫోనులో తెలుగు వాడేవారందరూ చూసే ఉంటారు. ఆంగ్లంలో నాలుగక్షరాల మాట తెలుగులో బారెడవుతుంది, మీటలో పట్టదు. వరుసల మధ్య చోటు చాలక కింది ఒత్తులు తెగిపోతాయి. నిఘంటువు చూసి పెట్టిన మాట ఎవరికీ అర్థం కాదు. ఈ లోపాలను చూడగానే పట్టుకోగలిగినది తెలుగు చదవగల కన్ను. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, పుస్తకంలో ఆంగ్లం నడిపించుకొనే షోలాపూరు పిల్లకు, ఒకే సంగతిని నలుగురు నాలుగు తీరులుగా అర్థం చేసుకుంటారన్న జ్ఞానం పుట్టుకతోనే ఉంది. వృత్తికి అది మూలధనం.

అంతమాత్రాన ఆంగ్లం అక్కరలేదని ఏ ఉపాధ్యాయుడూ పిల్లలను మభ్యపెట్టరాదు. ఈ వృత్తిలో తాను గమనించినదాన్ని పదిమంది ఇంజినీర్ల ముందు నిలబడి వాదించి ఒప్పించవలసి ఉంటుంది. అది చాలాచోట్ల ఆంగ్లంలోనే జరుగుతుంది. ఉద్యోగాలకు కూడా ఒడిదుడుకులున్నాయి. 2022, 2023 సంవత్సరాలలో అమెరికా సాంకేతిక సంస్థలు ఉద్యోగులను పెద్ద ఎత్తున తొలగించినప్పుడు ఈ వృత్తిలోనివారూ నష్టపోయారు. తెరమీది బొమ్మలను క్షణాలలో గీసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు ఇప్పుడు వచ్చాయి. కనుక బొమ్మ గీయడం మాత్రమే తెలిసినవారికి ముందున్నది కష్టకాలమే. మనిషి పక్కన ఓపికగా కూర్చుని, అతని వేలు ఎక్కడ తడబడుతున్నదో చూసి, ఎందుకని ఆలోచించే పని మాత్రం మిగిలి ఉంది.

ఆ పని నేర్చుకోవడానికి డబ్బు అక్కరలేదు. డెన్మార్కులో పుట్టిన యాకోబ్ నీల్సన్ అనే నిపుణుడు, అయిదుగురిచేత ఒక వస్తువును వాడించి చూస్తే దానిలోని లోపాలలో అధికభాగం బయటపడతాయని చాలాకాలం నుంచి చెబుతున్నాడు. ఒకేసారి పెద్ద గుంపును పరీక్షించడం కంటే, అయిదుగురిని చూసి, సరిదిద్ది, మళ్లీ అయిదుగురిని చూడడం లాభమని ఆయన సలహా. తొమ్మిదవ తరగతి పిల్ల తన ఇంట్లో నానమ్మ, అమ్మ, పొరుగింటి అక్క, కిరాణా కొట్టు మామ, ఆటో నడిపే బాబాయి ఒక బిల్లు చెల్లించేటప్పుడు మౌనంగా పక్కన కూర్చుని, నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. మౌనంగా అన్నది ముఖ్యం. మధ్యలో ఫోను లాక్కొని చేసిపెట్టే పిల్లలే ఎక్కువ. ఆ నోటుపుస్తకంలో చూసినదేమిటి, మార్చినదేమిటి, మార్చిన తరువాత ఏమైంది అన్నవి ఉంటే, ఉద్యోగమిచ్చేవారు అడిగే పనుల సంచికకు అదే తొలి పుట.

చదువు విషయం తల్లిదండ్రులు తెలుసుకోవలసినది కొంత ఉంది. ఐ.ఐ.టి.లలో నాలుగేళ్ల డిజైను పట్టాకు యుసీడ్ అనే ప్రవేశపరీక్షను 2015 నుంచి నిర్వహిస్తున్నారు. పన్నెండవ తరగతిలో సైన్సే చదవాలన్న నియమం లేదు, కామర్స్, ఆర్ట్స్ పిల్లలూ రాయవచ్చు. జాతీయ డిజైన్ సంస్థల పరీక్ష వేరు. ఆ సంస్థ ఒకటి 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ వెలిసింది. యుసీడ్ ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే ఉంటుంది కనుక, ఎనిమిదవ తరగతి నుంచే ఆంగ్ల పఠనంపై శ్రద్ధ పెట్టాలి. పరీక్షలో చేతితో చిత్రం గీయవలసిన భాగం కూడా ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం జరిపే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు గ్రేడు పరీక్షలకు ఏటా కొందరు పిల్లలు కూర్చుంటూనే ఉన్నారు. పదవ తరగతిలో కలిసే నాలుగు మార్కుల కోసమని రాయించి, ఆ మరునాటి నుంచి రంగుల పెట్టెను అటక ఎక్కించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పెట్టెను కిందకు దించి, పక్కన ఒక గళ్ల పుస్తకం ఉంచి, ఆదివారం పూట దుప్పటి డిజైను గీసే తాతగారి దగ్గర పిల్లను రెండు గంటలు కూర్చోబెట్టడం ఈ సెలవులలోనే మొదలుపెట్టవచ్చు.