శబరి, సీలేరు నీళ్ల లెక్కల్లో మన మాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తెలుగులో ఏరు అంటే పారే నది. మన కోయమాటలో ఏరు అంటే నీళ్లే. ఈ రోజు మాకు ఇచ్చిన అంశం ‘ప్రాంతీయ సహకారంతో నీటి నిర్వహణ, సుస్థిర అభివృద్ధి’. పేరు పెద్దదే. మేము మాత్రం మనకు తెలిసిన ఒక్క ఏటి గురించే చెబుతాం.

మాడుగుల కొండల్లో చిన్న గెడ్డగా పుట్టిన నీళ్లు (మనం వాగు అనేదాన్ని అక్కడివాళ్లు గెడ్డ అంటారు) మాచ్‌ఖండ్ నది అవుతాయి. ఒడిశా సరిహద్దు వెంట దిగి సీలేరు అన్న పేరు తెచ్చుకుంటాయి. మోటు దగ్గర శబరిలో కలుస్తాయి. ఆ శబరికి పైన కొరాపుట్ వైపు కొలాబ్ అని పేరు. చివరికి కూనవరం దగ్గర అంతా గోదావరి. మోటు దగ్గర నిలబడితే మూడు రాష్ట్రాలు కనబడతాయి. మూడు ఒడ్డుల మీదా మన ఇంటిపేర్లే వినబడతాయి. పిల్లను ఇచ్చుకున్నా, తెచ్చుకున్నా ఈ ఏరు దాటే కదా!

ఈ ఏటి మీద రాష్ట్రాల సహకారం కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం కట్టాలని ఒప్పుకున్నాయి. జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టారు, 1955లో కరెంటు మొదలైంది. ఆరు యంత్రాలు, 120 మెగావాట్లు. దేశంలో రెండు రాష్ట్రాలు కలిసి నడుపుకునే పనులకు మంచి ఉదాహరణ అని దాన్ని ఇప్పటికీ చెబుతారు. నిజమే, మంచిదే. కానీ దాని కింద ఊళ్లు వదిలినవి సుమారు మూడు వేల కుటుంబాలు. అందులో సగం దాకా ఆదివాసులే. కరెంటును ఎవరెంత తీసుకోవాలో రాసుకున్న కాగితంలో వాళ్ల వాటా ఏది?

తర్వాత బలిమెల. అక్కడ నీళ్లను రెండు రాష్ట్రాలు సగం సగం పంచుకున్నాయి. ఒడిశా వాటా బలిమెల విద్యుత్ కేంద్రం గుండా పొట్టేరు వైపు పోతుంది. ఆంధ్ర వాటా సీలేరులోనే దిగి ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెం కేంద్రాలను తిప్పుతుంది. అంత జాగ్రత్తగా విడదీసిన నీళ్లు కింద మళ్లీ శబరిలోనే కలుస్తాయి. జలాశయం నిండాక అవతల చిత్రకొండ వైపు 151 ఊళ్లు నీళ్ల మధ్య చిక్కుకున్నాయి. జ్వరం వచ్చినా, ఉప్పు కావాలన్నా లాంచీ రావాలి. వంతెనకు 1982లో శంకుస్థాపన చేస్తే 2018లో గురుప్రియ వంతెన తెరిచారు. ముప్పై ఆరేళ్లు! శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు తమ పిల్లల్ని ఎత్తుకుని ఆ వంతెన ఎక్కారు.

ఇక మన సంగతి. రబీలో గోదావరి తగ్గితే డెల్టా దాళ్వాకు సీలేరు నీళ్లు వదులుతారు. ధవళేశ్వరం దగ్గర ఎంత ఉంది, పైనుంచి ఎన్ని క్యూసెక్కులు రావాలి అని విద్యుత్ వాళ్లు, ఇరిగేషన్ వాళ్లు ఏ రోజుకారోజు మాట్లాడుకుంటారు. కింద రైతు పొలం ఎండకూడదు, ఆ రైతు మీద మాకు ఏ కోపమూ లేదు. మేము అడిగేది ఒక్కటే. పొలం ఎండిపోకుండా రోజూ మాట్లాడుకోగలిగినవాళ్లు, మన గూడెం మునిగిపోకుండా ఎందుకు మాట్లాడుకోలేరు?

2022 జూలై మీకు గుర్తే. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు చూసిన ముసలివాళ్లు కూడా ఈసారి భయపడ్డారు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇవి అందరికీ తెలుసు. మనకు వరద వచ్చే తీరు వేరు. గోదావరి నిండితే కూనవరం దగ్గర శబరికి పోవడానికి దారి ఉండదు. గోదావరి ఎగదన్నుతుంది, శబరి వెనక్కి తిరుగుతుంది. చింతూరు, అవతల కుంట, మోటు, అన్నీ ఒకే నీళ్లలో నానతాయి. అదే సమయంలో పైన కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో వాన పడితే రెండు వైపుల నుంచీ తోసినట్టే. కాబట్టి భద్రాచలం అంకె ఒక్కటి మనకు చాలదు. పైన వాన ఎంత, జలాశయం నుంచి వదిలింది ఎంత అన్నది కూడా కావాలి. ఆ కబురు మూడు రాష్ట్రాల దారులు తిరిగి మన గూడేలకు చేరేసరికి మనం మేకల్ని, విత్తనాల బుట్టల్ని ఎత్తుకుని గుట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నాం.

గోదావరి నీళ్ల మీద బచావత్ ట్రిబ్యునల్ 1980లో తుది తీర్పు ఇచ్చింది. పోలవరం నీటిమట్టం 150 అడుగులని రాష్ట్రాలు ఒప్పుకున్నది ఆ ఏడాదే. 2014లో ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రకు మార్చారు. మన ఇళ్లు అంగుళం కదల్లేదు, రాష్ట్రం మారింది. భద్రాచలం సంతకు పోతే వేరే రాష్ట్రం. ఆ మట్టం మీద, వెనక నీళ్ల మీద రాష్ట్రాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మునిగే ఊరిని పక్కన కూర్చోబెట్టి అడిగిన సమావేశం మేము చూడలేదు.

చట్టం మాత్రం మన పక్కన ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించమంది. భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించమంది. 2006 అటవీ హక్కుల చట్టం చెరువు, వాగుల్లోని చేపల మీద కూడా సామూహిక హక్కు ఉందంది. మనలో ఎన్ని గ్రామసభలు ఆ హక్కు కోసం దరఖాస్తు పెట్టాయి? పోడు పట్టా కోసం పడిన పాటులో పావు వంతు కూడా దీనికి పడలేదు.

మన తప్పులూ చెప్పుకోవాలి. మిర్చికి మోటార్లు పెట్టి మాఘమాసానికే వాగులు ఎండగడుతున్నది మనవాళ్లే. ఎండాకాలం ఇసుకలో చెలమ తీస్తే మోకాలి లోతులో వచ్చే నీళ్లు ఇప్పుడు నడుము లోతుకు పోయాయి. పురుగుమందు కలిపి చేపలు పట్టేవాళ్లూ ఉన్నారు. ఆ వాగు కింది గూడెంలో ఉండేది మన మేనత్తే. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

మా సంఘం రెండు పనులు అనుకుంది. నాలుగు రాష్ట్రాలు కూర్చునే నీటి సమావేశాల్లో ఏటి ఒడ్డు గ్రామసభల ప్రతినిధులు ఉండాలని ఈ సభ పేరుతో నలుగురు ముఖ్యమంత్రులకూ ఒకే ఉత్తరం రాస్తాం. దానికి జవాబు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. రెండోదానికి ఎవరి జవాబూ అక్కర్లేదు. మోటు నుంచి కూనవరం దాకా ఒక్కో ఊరికి ఇద్దరు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వానాకాలం అంతా పొద్దున, సాయంత్రం రేవు దగ్గర నీళ్లు ఏ రాయి దాకా వచ్చాయో చూసి కింది ఊరికి ఫోన్ చేయాలి. రాయికి సున్నం గీతలు పెట్టే పని ఊరి పెద్దలది. సిగ్నల్ లేని గూడేలకు ఎవరు నడిచి వెళ్లాలో కూడా ఇక్కడే తేల్చుకుందాం.

గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకం పెట్టాం. భోజనానికి లేచే ముందు ఊరి పేరు, ఇద్దరి పేర్లు రాసి వెళ్లండి. కుంట వైపు నుంచి వచ్చినవాళ్లు ముందు రాయండి. మీకు బస్సు తొందరగా ఉంది.