ఆట ఆగిన ఆ కాస్త సేపు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

నా చేత దెబ్బలు తిన్నవాళ్ళకు, తప్పించుకుని గోడ దూకినవాళ్ళకు, అందరికీ నమస్కారం.

కార్యదర్శి ఫోను చేసి, "సార్, మన బడికొచ్చిన షీల్డుల గురించి మాట్లాడండి" అన్నాడు. ఎన్ని వచ్చాయో హెడ్‌మాస్టరు గదిలోని బీరువా చెప్తుంది. నేను అందులో ఒక్కదాని గురించే చెప్తాను. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తల్లో గెలిచిన చెడుగుడు షీల్డు అది. మూలన ఉంటుంది, వెండిరంగు పోయింది.

అప్పట్లో మనకు మ్యాటు లేదు, బూట్లు లేవు. సముద్రపు ఒడ్డు ఊళ్ళం గనక ఇసక మాత్రం బోలెడంత. పట్టపుపాలెం పిల్లలు తెల్లవారి అలివి వల లాగి వచ్చి సాయంత్రం కూతకు దిగేవాళ్ళు. వాళ్ళ కాళ్ళలో ఉన్న బలం నేను నేర్పింది కాదు. నేను నేర్పిందల్లా రూళ్ళు, రూళ్ళలోని సందులు.

ఆ సందుల్లో ఒకటి చెప్తాను. ఇప్పటి రూళ్ళ ప్రకారం ఒక్కో జట్టుకు ఒక్కో సగంలో 30 సెకన్ల టైమ్ అవుట్లు రెండే. కానీ ఎవరికైనా దెబ్బ తగిలితే రిఫరీయే ఆట ఆపుతాడు. అది జట్టు లెక్కలోకి రాదు. మా రోజుల్లో లెక్కలు కొంచెం అటూ ఇటూగా ఉన్నా, దెబ్బ తగిలిన పిల్లాడి కోసం ఆట ఆపడం అప్పుడూ ఉంది. అంటే ఊపిరి అందనప్పుడు, అవతలి జట్టు వరసగా పాయింట్లు కొడుతున్నప్పుడు, కాలు పట్టుకుని కూలబడితే ఉచితంగా విశ్రాంతి దొరుకుతుంది. ఇది నేను మన పిల్లలకు నేర్పాను. "బాగా మూలగరా అబ్బయ్యా, రిఫరీకి వినపడాల" అని నవ్వుతూ నేర్పాను. ఇక్కడ నవ్వుతున్నవాళ్ళలో కొందరికి ఆ మూలుగు ఇంకా గుర్తుండే ఉంటుంది.

ఫైనల్ ఆట. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నాలుగైదు నిమిషాలు మిగిలి ఉంది. మన ముఖ్యమైన రైడర్ కూతకు వెళ్ళాడు. మూల నిలబడినవాడు మడమ పట్టేశాడు. వీడు గీత వైపు ఒళ్ళు తిప్పాడు. చెడుగుడులో మోకాలు పోయేది చాలాసార్లు ఇలాగే. పాదం అవతలివాడి చేతిలో బిగుసుకుని ఉంటుంది, నడుము పైభాగం ఇంటివైపు తిరుగుతుంది, ఆ మెలిక మొత్తం మధ్యలో ఉన్న మోకాలు మీద పడుతుంది. వాడు పడ్డాడు, మూలిగాడు. రిఫరీ ఈల వేశాడు.

నేను పరుగెత్తుకుపోయి ఏం చేశానో తెలుసా? వాడికి కన్ను గీటాను. బాగా చేశావురా అని.

వాడు నా మొహంలోకి చూశాడు. "సార్, లోపల ఏదో టప్పుమంది" అన్నాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నేను స్కోరు బోర్డు చూశాను. ఈ మాట దాచదలుచుకోలేదు. బయట ఇంకో పిల్లాడు సిద్ధంగా ఉన్నాడు, కానీ వాడు ఎనిమిదో తరగతి. "నిలబడు చూద్దాం" అన్నాను. నిలబడ్డాడు. "నడువు" అన్నాను. నడిచాడు. "పోగలవా?" అన్నాను. పదిహేనేళ్ళ పిల్లాడు, చుట్టూ ఊరి జనం, ఎదురుగా సారు, ఇంకేం చెప్తాడు? "ఏం లేదు సార్, పోతా" అన్నాడు.

ఒళ్ళు వేడి మీద ఉన్నప్పుడు నొప్పి సరిగ్గా తెలియదు. ఇలాంటి దెబ్బకు వాపు తేలడానికి గంటో రెండు గంటలో పడుతుంది. లోపల నరంలాంటి కట్టు తెగినా తిన్నగా నాలుగడుగులు వేయొచ్చు. పక్కకు తిరిగినప్పుడే మోకాలు జారుతుంది. జారిన ప్రతిసారీ మధ్యలో ఉన్న మెత్తటి చిప్ప నలుగుతుంది. ఇదంతా తరవాత నెల్లూరులో ఎముకల డాక్టరు బొమ్మ గీసి చెప్తే తెలుసుకున్నాను. ఆ రోజు నాకు తెలిసిన వైద్యం బామ్ పూసి గట్టిగా మర్దనా చేయడం. అది ఇంకా చెడ్డపని. ఐసు పెట్టాలి. చేపలకు బండ్లకొద్దీ ఐసు దిగే ఊళ్ళో ఉండి ఒక పిల్లాడి మోకాలికి గుప్పెడు ఐసు పెట్టడం తోచలేదు నాకు.

వాడు మళ్ళీ వెళ్ళాడు, ఇద్దర్ని తాకి వచ్చాడు, చివరికి గెలిచాం. తిరుగు బస్సులో వాడి మోకాలు కుండలా ఉంది. అలివి వల లాగేవాడు మోకాళ్ళు ఇసకలో పాతి వెనక్కి అడుగులేయాలి. ఆ పని వాడు మళ్ళీ చేయలేకపోయాడు.

మొన్న అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మనవడి బడిలో కుస్తీ పోటీ చూశాను. అక్కడి హైస్కూలు కుస్తీలో దెబ్బకు ఇచ్చే సమయం పోటీ మొత్తానికీ కలిపి నిమిషంన్నరే. రక్తం కారితే దానికి వేరే 5 నిమిషాలు. రెండోసారి దెబ్బకని ఆపితే, మళ్ళీ మొదలెట్టేటప్పుడు పట్టు ఎలా పట్టాలో అవతలివాడు ఎంచుకుంటాడు. నాలాంటి గురువులు అక్కడా పుట్టి ఉంటారు, అందుకే ఆ రూలు. మావాడు ముందంజలో ఉండగా భుజం పట్టేసింది. కోచ్ వాడిని అడగలేదు, పక్కనున్న వైద్య సహాయకురాలి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అంతే, అయిపోయింది. పిల్లాడు ఏడ్చాడు. మెట్ల మీద కూర్చున్న నేను లేచి "ఇంకో నిమిషమేరా, పో" అని తెలుగులో అరిచాను. మా అమ్మాయి నా చొక్కా పట్టి లాగింది. ఇంత జరిగాక కూడా నాలో ఆ మనిషి పోలేదు.

పెద్దవాళ్ళ సంగతి వేరు. 2019 ప్రపంచ కుస్తీ పోటీల్లో దీపక్ పునియా చీలమండ దెబ్బతో ఫైనల్‌కు దిగనే లేదు, వెండి పతకంతో సరిపెట్టుకున్నాడు. 2024లో పారిస్‌లో నిశా దహియా 8-1తో గెలుస్తూ ఉండగా చేతికి దెబ్బ తగిలినా ఆగలేదు. 10-8తో ఓడి ఏడుస్తూ వెళ్ళింది. రెండింట్లో ఏది ఒప్పో వాళ్ళిద్దరికే తెలియాలి. అది వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ వృత్తి. బడిపిల్లల విషయంలో అలా కుదరదు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లాణ్ణి బయటికి తెచ్చి, డాక్టరు రాసిచ్చేదాకా ఆడించకూడదని 2009లో వాషింగ్టన్ రాష్ట్రం చట్టమే చేసింది. దెబ్బ తగిలాక మళ్ళీ ఆటకు దిగి మెదడుకు తీవ్ర గాయమైన జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ పిల్లాడి పేరు మీద వచ్చిన చట్టం అది. తరవాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి.

ఆ షీల్డు తెచ్చినవాడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పను. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఈ సంగతి చెప్పనా అని అడిగాను. "చెప్పండి సార్, నాకేంది" అన్నాడు. వాడి మనవరాలు ఇప్పుడు మన బడి చెడుగుడు జట్టులో ఉంది. వచ్చేటప్పుడు గడప దగ్గర ఆపి ఒక్క మాట అన్నాడు: "మా పాప ఆడేటప్పుడు మాత్రం మీరు బెంచీ మీద కూర్చోబాకండి సార్." ఇద్దరం నవ్వాం. వాడు నాకంటే ముందే నవ్వు ఆపేశాడు.

మన సంఘం బడికి మ్యాటు కొనిస్తుందని విన్నాను. సంతోషం. దాంతోపాటు ఒక స్ట్రెచరు, క్రేప్ బ్యాండేజీలు, ఆట జరిగే ప్రతిచోటా కోచ్ కాని మనిషి ఒకరు కావాలి. నర్సు అయితే మరీ మంచిది, లేకపోతే తర్ఫీదు ఇచ్చిన టీచరు. ఆ మనిషి వద్దంటే కోచ్ నోరెత్తకూడదు. ఈ మాట కాగితం మీద రాసి, హెడ్‌మాస్టరు సంతకంతో ఆ బీరువా మీదే అంటించమని అడుగుతున్నాను. ఐసు డబ్బా సంగతి మీరు చూడక్కర్లేదు. వాడు రేవులో ఐసు వ్యాపారం చేస్తున్నాడు. డబ్బా తనే ఇస్తానన్నాడు, ఆట ఉన్న రోజుల్లో ఐసు కూడా పంపిస్తానన్నాడు.